వెలుగుకు పథ్యం

త్కిబులిలో వాన ఆగదు.
ఆ రోజు మాత్రం ఆగింది, పాపిష్టిది.
సరిగ్గా ఒటియాని గనిలోంచి పైకి తెచ్చే వేళకు
ఫెళ్ళున ఎండ కాసింది.

"కప్పండి, కప్పండి" అని నేనే అరిచాను.
ఎవరిదో కోటు తీసి తలమీద వేశారు.
పదిహేడు రోజుల తర్వాత
మొగుణ్ణి చూడ్డానికి పరిగెత్తుకొచ్చిన ఎతేరికి
బొగ్గు అంటిన గడ్డం ఒక్కటే కనిపించింది.
ఆ గడ్డాన్నే పట్టుకుని ఏడ్చింది.

లంఖణాలు చేసిన కడుపుకు
ఒక్కసారిగా అన్నం పెట్టరు కదా.
ముందు గంజితేట. తర్వాత పల్చటి జావ.
కళ్ళకూ అంతే.
మొదటి రోజు నల్లగుడ్డ నాలుగు మడతలు,
రెండో రోజు మూడు.
సాయంత్రం కిటికీ తెర వేలెడంత.
వెలుగును చెంచాలతో కొలిచి పోశాను.
ఇరవై రెండేళ్ళ నర్సు ఉద్యోగంలో
ఇలాంటి మందు ఎప్పుడూ ఇవ్వలేదు.

"గుడ్డివాణ్ణయ్యానా?" అని అడగలేదు అతను.
"ఇవాళ ఎన్నో రోజు?" అన్నాడు.
చెప్పాను.
"పదకొండే కదా" అన్నాడు,
లెక్క తప్పింది నేనే అన్నట్టు.
మిగిలిన ఆరూ ఎక్కడ జారిపోయాయో
ఆ సొరంగానికే తెలియాలి.

కళ్ళు చీకటికి అలవాటు పడతాయంటారు.
అది పైనున్నవాళ్ళ మాట.
చుక్కల్లోంచో, పొయ్యిలో ఆరని నిప్పులోంచో
ఇసుమంత వెలుగు రాలుతుంటేనే ఆ అలవాటు.
అక్కడ, లాంపులో బ్యాటరీ చచ్చాక,
కనుపాప తలుపులు బార్లా తీసి
వాకిట్లో నిలబడుతుంది.
ఎవరూ రారు.
మూడో రోజుకో నాలుగో రోజుకో
ఇంట్లోవాళ్ళే చుట్టాల వేషం కట్టుకుని
లోపలి నుంచి వస్తారు.

ఒటియాకు ముందు పసుపు చుక్కలొచ్చాయట.
తర్వాత గళ్ళ దుప్పటి లాంటిదేదో.
ఆ తర్వాత వాళ్ళమ్మ,
ద్రాక్షపందిరి కింద మొక్కజొన్న పిండి కలుపుతూ
"చేతులు కడుక్కురా" అందట.
అప్పుడు తన చెయ్యి చూసుకున్నాడు.

"నిజంగా చూశాను, లమారా.
మొహం ముందు ఇలా ఆడిస్తే
నీడలా కదిలింది."

డాక్టర్ గురామ్ కుర్చీ లాక్కుని ఓపిగ్గా చెప్పాడు:
అది కన్ను చూసింది కాదయ్యా.
చెయ్యి ఎక్కడుందో చేతికి తెలుసు.
ఆ తెలివినే మెదడు బొమ్మగా గీసి
కంటికి అప్పిస్తుంది.
చాలామందికి జరుగుతుంది.

ఒటియా తల ఊపాడు,
బడిలో అర్థం కాని లెక్కకు ఊపినట్టు.

అయిదో రోజు రాత్రి చివరి మడత విప్పాను.
గదిలో చిన్న బల్బు, దాని చుట్టూ నా చేతిరుమాలు.
కళ్ళు ధారలు కట్టాయి.
ఏడుపు కాదు అది,
వెలుగు తగిలిన చోట ఊరే నీళ్ళు.
పొద్దున్నే దువ్వుకున్న జుట్టుతో
ఎతేరి మంచం దగ్గరికి జరిగింది.

అతను ముందు ఆమెను చూడలేదు.
కుడిచెయ్యి ఎత్తి మొహం ముందు ఆడించాడు.
తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు.
"ఒకటి తక్కువుంది" అన్నాడు.

తొమ్మిదేళ్ళ కిందట
కన్వేయరు బెల్టు నమిలేసిన ఉంగరపు వేలు.
ఆ కట్టు కట్టిందీ నేనే.

"కింద అయిదూ ఉన్నాయి.
ఉంగరం కూడా ఉంది."

"నేనూ ఉన్నానిక్కడ" అంది ఎతేరి.

ఛార్టులో చూపు అనే గడిలో
డాక్టర్ "మామూలు" అని రాయించాడు.
దగ్గరివి బాగానే ఉన్నాయి,
దూరపు కొండలు కాస్త మసక,
వారంలో సర్దుకుంటుంది.
వేళ్ళ సంగతి రాయడానికి గడి లేదు.

ఆ రాత్రి ఇంటికెళ్ళి
స్నానాలగదిలో దీపం ఆర్పి,
తలుపు కింది సందులో తువ్వాలు కుక్కి
చాలాసేపు కూర్చున్నాను.
బయట వాన మళ్ళీ మొదలైంది.
చెయ్యి ఎత్తి ఆడించాను.

చూశానో, తెలుసునో,
ఇప్పటికీ తేల్చుకోలేదు.